మీ గది మీద ఏముంది?

మదనపల్లెలో ఏ ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్ళినా, ఏసీ కావాలనగానే మొదట వినిపించే మాట ఒకటే: "రూము ఎంత సైజన్నా?" పన్నెండు బై పన్నెండు అని చెప్తే జవాబు వెంటనే వచ్చేస్తుంది. 120 చదరపు అడుగుల దాకా ఒక టన్ను, 180 దాకా టన్నున్నర, అది దాటితే రెండు టన్నులు. దాని వెనకాలే ఇంకో సలహా: "ఎందుకైనా మంచిది, ఒక సైజు పెద్దదే పెట్టుకోండి. ఎండలు చూస్తున్నారు గదా!"

ఈ లెక్కలో నేల వైశాల్యం ఒక్కటే ఉంది. అడగాల్సిన ప్రశ్నలు ఇంకో రెండున్నాయి. మీ గది మీద ఏముంది? మీ గోడకి ఎండ ఏ పక్క నుంచి తగుల్తుంది? మదనపల్లె దగ్గర్లోని కురబలకోటలోనో అంగళ్ళులోనో ఒకే మేస్త్రీ, ఒకే కొలతలతో, ఒకదాని మీద ఒకటి కట్టిన రెండు గదులకి కావలసిన చల్లదనంలో మూడున్నర రెట్లు తేడా ఉండొచ్చు. షాపువాళ్ళ పట్టికలో ఆ రెండూ ఒకటే. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. వాయిదాల మీదా దొరుకుతున్నాయి. నిన్నమొన్నటి దాకా ఫ్యాన్ కింద నిద్రపోయిన ఇళ్ళలోకి ఏసీ వస్తున్న ఈ కాలంలో, ఆ రెండు ప్రశ్నలు అడగకుండా కొంటే పదేళ్ళ పాటు కరెంటు బిల్లులో దాని ఫలితం కనిపిస్తూనే ఉంటుంది.

ముందు ఈ 'టన్ను' సంగతి చూద్దాం. గోడకి తగిలించే ఆ పెట్టె బరువుకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. యంత్రాలు రాకముందు చల్లదనం అంటే మంచుగడ్డే. అమెరికాలో చలికాలంలో గడ్డకట్టిన చెరువుల్ని రంపాలతో కోసి, రంపపు పొట్టులో పొదిగి ఓడల్లో పంపేవారు. బోస్టన్ నుంచి అలా బయల్దేరిన మంచు 1833లో కలకత్తా చేరింది. తర్వాత మద్రాసుకీ వచ్చింది. అక్కడ దాన్ని దాచడానికి 1842 ప్రాంతంలో సముద్రం ఒడ్డున కట్టిన ఐస్‌హౌస్ ఇప్పటికీ ఉంది. వివేకానందుడు 1897లో బస చేసిన భవనం అదే. మంచుని యంత్రాలతో తయారు చేయడం మొదలయ్యాక వాటి శక్తిని కూడా మంచుతోనే కొలిచారు. ఒక అమెరికా టన్ను, అంటే 907 కిలోల మంచు, ఇరవైనాలుగు గంటల్లో కరగడానికి ఎంత వేడిని పీల్చుకుంటుందో అంత వేడిని తీసేయగలిగితే దాన్ని ఒక టన్ను యంత్రమన్నారు. కిలో మంచు కరగాలంటే 334 కిలోజౌళ్ళ వేడి కావాలి. గుణించి, రోజులోని సెకన్లతో భాగిస్తే దాదాపు 3,500 వాట్లు వస్తుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు: ఒక టన్ను ఏసీ గదిలోంచి సెకనుకి మూడున్నర వేల జౌళ్ళ వేడిని బయటికి తోసేయగలదు. కరెంటు మాత్రం అంత తీసుకోదు. వేడిని పుట్టించడం దాని పని కాదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోయడమే. అందుకే అందులో నాలుగో వంతు, మూడో వంతు కరెంటుతో పని జరిగిపోతుంది.

అయితే గదిలోకి వేడి ఎంత వస్తుంది? అంగళ్ళు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీ చుట్టూ కొత్తగా లేచిన రెండంతస్తుల ఇళ్ళలో పైగది ఒకటి తీసుకుందాం. పన్నెండు బై పన్నెండు, ఎత్తు పది అడుగులు. పైన వట్టి శ్లాబు. పడమర వైపు తొమ్మిదంగుళాల ఇటుక గోడ, అందులో నాలుగు బై నాలుగు అద్దాల కిటికీ. ఏప్రిల్ నెల, నడి ఎండ.

అన్నిటికంటే పెద్ద దోషి శ్లాబే. ఏళ్ళ తరబడి వానకీ ఎండకీ నల్లబడిన కాంక్రీటు మధ్యాహ్నం రెండింటికి 55, 60 డిగ్రీలకి చేరుతుంది. చెప్పుల్లేకుండా మిద్దె మీదికి బట్టలు తీయడానికి వెళ్ళినవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. అయిదంగుళాల కాంక్రీటు వేడిని పెద్దగా అడ్డుకోదు. చదరపు మీటరుకి, ఒక్కో డిగ్రీ తేడాకి, దాదాపు 3 వాట్లు లోపలికి దిగుతుంది. గది పైకప్పు 13.4 చదరపు మీటర్లు. పైన 56, లోపల 26 అనుకుంటే తేడా 30. గుణిస్తే 1,200 వాట్లు. అంటే టన్ను ఏసీ శక్తిలో మూడో వంతు ఒక్క శ్లాబుకే సరి.

కిటికీ దీని తర్వాతిది. సాయంత్రం నాలుగింటికి పడమటి సూర్యుడు వాలుగా, సూటిగా అద్దం మీద పడతాడు. పైనున్న చజ్జా ఆ వాలు ఎండకి అడ్డం రాదు. ఒకటిన్నర చదరపు మీటర్ల అద్దంలోంచి 700 వాట్ల దాకా లోపలికి వచ్చేస్తుంది. లోపల పరదా వేస్తే కొంతవరకే తగ్గుతుంది, ఎందుకంటే ఎండ అప్పటికే అద్దం దాటింది. పరదా వేడెక్కి ఆ వేడిని గదిలోనే వదుల్తుంది. అదే కిటికీకి బయట వెదురు తడికో, గ్రీన్ నెట్టో, ఒక వేపచెట్టో ఉంటే ఆ 700 కాస్తా 150కి పడిపోతుంది. ఎండని అద్దానికి బయటే ఆపాలి. లోపలికి వచ్చాక చేయగలిగింది తక్కువ.

మిగతావన్నీ చిన్నవి. పడమటి గోడ నుంచి 380 వాట్లు. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి వంద వాట్ల చొప్పున ఇద్దరికి 200. ఫ్యాను, టీవీ, లైటు కలిపి 150. తలుపు సందుల్లోంచి దూరే గాలితో 170. అన్నీ ఒకేసారి పతాకస్థాయిలో ఉన్నాయనుకున్నా మొత్తం 2,800 వాట్లు. నిజానికి ఒకేసారి ఉండవు. శ్లాబు పైన రెండింటికి కాలిన వేడి కిందికి దిగేసరికి మూడు నాలుగు గంటలు పడుతుంది. వట్టి శ్లాబు కింద, పడమటి ఎండ తగిలే గది, అంటే మనం ఊహించగల గదుల్లో ఇబ్బందికరమైనది. దానికి కూడా 3,500 వాట్ల టన్ను ఏసీ సరిపోతోంది. షాపు పట్టిక మాత్రం 144 చదరపు అడుగులకి టన్నున్నర అంటుంది.

ఇప్పుడు సరిగ్గా దాని కిందనున్న గదికి వద్దాం. అవే కొలతలు. పైన ఇంకొకరు కాపురముంటున్నారు కాబట్టి పైకప్పు నుంచి వచ్చేది ఏమీ లేదు. కిటికీ ఉత్తరం వైపు ఉందనుకోండి, నేరుగా ఎండ పడదు. గోడ నుంచి 190, అద్దం నుంచి 80, మనుషులు, వస్తువులు, గాలి కలిపి 500 చిల్లర. మొత్తం 800 వాట్ల లోపే. పావు టన్ను! అంత చిన్న ఏసీ బజారులో దొరకదు. అలాంటి గదికి కూడా టన్నున్నర అమ్ముడవుతూనే ఉంది.

పై లెక్క పడమటి మండలాలకి ఇంకా బాగా వర్తిస్తుంది. కారణం ఎత్తు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం, వీటి మధ్య ఊళ్ళూ మైసూరు పీఠభూమి అంచున, సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. కిలోమీటరు పైకి వెళ్తే గాలి ఆరున్నర డిగ్రీలు చల్లబడుతుందన్నది సగటు సూత్రం. ఆ లెక్కన తిరుపతి కంటే ఇక్కడ మూడు నాలుగు డిగ్రీలు తక్కువ. కురబలకోటకి పక్కనే కనిపించే హార్సిలీకొండ 1,265 మీటర్లు. అక్కడ ఇంకో మూడున్నర డిగ్రీలు తగ్గుతుంది. కడప కలెక్టరు డబ్ల్యు.డి. హార్సిలీ పందొమ్మిదో శతాబ్దంలో వేసవి బంగళా కోసం ఆ కొండనే వెతుక్కోవడానికి కారణం అదే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1912లో క్షయ శానటోరియం పెట్టినవాళ్ళు కూడా ఈ పొడిగాలినీ, ఈ చల్లదనాన్నీ చూసుకునే వచ్చారు. మందులు లేని ఆ రోజుల్లో వాతావరణమే వైద్యం.

ఏసీకి ఈ ఎత్తుతో ఒక లాభం, ఒక చిన్న నష్టం ఉన్నాయి. లాభం ఏమిటంటే, ఏసీ డబ్బా మీద వేసే సామర్థ్యాన్ని బయట 35 డిగ్రీలు, లోపల 27 డిగ్రీలు ఉండగా పరీక్షించి రాస్తారు. బయట వేడి పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. రెంటచింతలలోనో విజయవాడలోనో 45 డిగ్రీల మధ్యాహ్నం ఆ యంత్రం లేబుల్ మీద రాసినంత చల్లదనం ఇవ్వలేదు. కాబట్టి అక్కడ ఒక మెట్టు పైకి వెళ్ళమనడంలో అర్థముంది. మన దగ్గర ఎండ మండే రోజుల్లో కూడా బయటి గాలి ఆ పరీక్ష గదికి దగ్గరగానే ఉంటుంది. నష్టం ఏమిటంటే, 700 మీటర్ల దగ్గర గాలి ఎనిమిది శాతం పలచన. ఫ్యాను అంతే వేగంతో తిరిగినా దాని గుండా వెళ్ళే గాలి బరువు తగ్గుతుంది, చల్లదనం కొద్ది శాతం తగ్గుతుంది. లాభనష్టాలు కలిపి చూస్తే మొగ్గు మనవైపే. కోస్తా కోసమో చెన్నై కోసమో తయారైన పట్టికని ఇక్కడికి తెచ్చి, దానికి మళ్ళీ ఒక సైజు కలపడం అన్యాయం.

"పెద్దదైతే నష్టమేముంది, తొందరగా చల్లబడుతుంది కదా?" అంటారు. నష్టముంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ఏసీ చేసే రెండో పని తెలియాలి. 1902లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో ఒక ప్రింటింగ్ ప్రెస్‌కి పెద్ద తలనొప్పి ఉండేది. వేసవి తేమకి కాగితం ఉబ్బి, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చునేది కాదు. విల్లిస్ కారియర్ అనే యువ ఇంజనీరు చల్లటి గొట్టాల మీదుగా గాలిని పంపి అందులోని తేమని తీసేసే ఏర్పాటు చేశాడు. నేటి ఏసీ పుట్టింది అక్కడే. మనుషుల్ని చల్లబరచడానికి పుట్టలేదు, గాలిని ఆరబెట్టడానికి పుట్టింది. ఈ రోజుకీ మీ ఏసీ వెనక సన్నటి పైపులోంచి బకెట్లోకి కారే నీళ్ళు ఆ పని గుర్తే. ఆ బకెట్‌ని ఒక గంట గమనించి చూడండి. గంటకి ఒక లీటరు కారిందంటే యంత్రం శక్తిలో 680 వాట్లు గాలి తేమని నీరు చేయడానికే ఖర్చయినట్టు. చెన్నైలో ఇది ఎక్కువ. మన పొడి ఏప్రిల్లో చాలా తక్కువ, ఆ మిగులంతా నేరుగా చల్లదనానికే పోతుంది. అక్టోబరు, నవంబరు ముసురు రోజుల్లో మాత్రం ఎండ లేకున్నా ఉక్క ఉంటుంది, పైపు ధారగా కారుతుంది.

తేమ తీయాలంటే లోపలి కాయిల్ కొంతసేపు బాగా చల్లగా ఉండాలి. చన్నీళ్ళ చెంబు బయట చెమ్మ పట్టినట్టు దాని రేకుల మీద నీళ్ళు కట్టి, చుక్కలై, జారి, పళ్ళెంలో పడాలి. 800 వాట్లు చాలే గదిలో రెండు టన్నుల పాతరకం ఏసీ పెట్టారనుకోండి. అది గంటలో ఏడు నిమిషాలు తిరిగితే చాలు, గది చల్లబడిపోతుంది. గది కోరిన అంకెకి రాగానే కంప్రెసర్ ఆగిపోతుంది. రేకుల మీద కట్టిన చెమ్మ కిందికి జారకముందే ఫ్యాను గాలికి ఆరి మళ్ళీ గదిలోకే వస్తుంది. ఫలితంగా ఒళ్ళు చల్లగా, దుప్పటి చెమ్మగా ఉంటుంది. అర్ధరాత్రి చలి, పది నిమిషాలకి ఉక్క. దానికి విరుగుడు అని ఇంకో రెండు డిగ్రీలు తగ్గిస్తారు. బిల్లు పెరుగుతుంది, ఉక్క పోదు. పైగా కంప్రెసర్ లేచిన ప్రతిసారీ మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు ఒక్కసారిగా లాగుతుంది. పల్లెల్లో లైన్ చివరనున్న ఇళ్ళలో ఏసీ లేచినప్పుడల్లా లైట్లు మిణుక్కుమనడం అందుకే.

తేమ గురించి కుప్పం, పలమనేరు, మదనపల్లె వైపు పట్టు రైతులకి పాఠం చెప్పాల్సిన పని లేదు. పట్టుపురుగుల షెడ్డులో రెండు థర్మామీటర్లు పక్కపక్కన వేలాడుతుంటాయి. ఒకటి మామూలుది. రెండోదాని కొనకి తడిగుడ్డ చుట్టి, గుడ్డ అంచు నీళ్ళ సీసాలో వదిలి ఉంటుంది. రెండిటి మధ్య తేడా ఎంత ఎక్కువైతే గాలి అంత పొడిగా ఉన్నట్టు. చాకీ (చిన్న) పురుగులకి 27, 28 డిగ్రీలు, 85 శాతానికి అటూఇటూ తేమ. పెద్దయ్యాక 24, 25 డిగ్రీలు, 70 శాతం తేమ. ఎండాకాలంలో వేడి తగ్గించాలని ఆ షెడ్డులో మామూలు ఏసీ బిగిస్తే గాలి పొడిబారి మల్బరీ ఆకు గంటల్లో వాడిపోతుంది, వాడిన ఆకుని పురుగు తినదు. అందుకే అక్కడ తడిపిన గోనెపట్టాలు, పైన కొబ్బరి మట్టలు, నేల మీద తడి ఇసుక. వేడి, తేమ రెండు వేర్వేరు లెక్కలని, ఒకదాన్ని సరిచేయబోయి ఇంకోదాన్ని చెడగొట్టకూడదని ఆ రైతులు చేతల్లో చూపిస్తున్నారు. ఏసీ కొనే ఇళ్ళకి ఆ రెండు థర్మామీటర్ల చూపు వస్తే ఎంత బాగుంటుంది!

ఆ చూపుతోనే కూలర్ గురించి కూడా నిర్ణయించుకోవచ్చు. ఏప్రిల్ మధ్యాహ్నం 37 డిగ్రీల వేడి, 25 శాతం తేమ ఉన్న గాలి తడి గడ్డి గుండా వెళ్తే 25, 26 డిగ్రీలకి దిగుతుంది. అదే కూలర్ని చెన్నై తీసుకెళ్తే, 35 డిగ్రీల, 60 శాతం తేమ గాలి 30 దగ్గరే ఆగిపోతుంది, ఒళ్ళు జిగటగా అవుతుంది. అంటే పడమటి మండలాల్లో కూలర్ నిజంగా పనిచేసే వస్తువు, కిటికీ తెరిచి పెడితే. కానీ గంటకి రెండు వేల ఘనమీటర్ల గాలి తోసే పెద్ద కూలర్ అలాంటి ఎండలో గంటకి పది లీటర్ల నీళ్ళు తాగుతుంది. వెయ్యడుగుల బోరు కూడా ఎండిపోయే నేల మనది. ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టే వీధిలో రోజుకి ఎనభై లీటర్లు గాల్లో కలిపేయడం నాకు మనసొప్పదు. నీళ్ళున్న ఇంటికి కూలర్, లేని ఇంటికి చిన్న ఏసీ, ఇదే నా అభిప్రాయం.

చిన్న ఏసీ చాలాలంటే వేడిని ముందే తగ్గించాలి. నా దృష్టిలో కొనుగోలు మొదలవ్వాల్సింది షాపులో కాదు, మిద్దె మీద. అదే 1,200 వాట్ల శ్లాబుకి తెల్ల సున్నమో, ఎండని తిప్పికొట్టే తెల్ల పెయింటో వేస్తే పై భాగం 56 నుంచి 42 డిగ్రీల దగ్గరికి వస్తుంది. లోపలికి దిగే వేడి 640 వాట్లకి, దాదాపు సగానికి తగ్గుతుంది. కిటికీకి బయట తడిక కూడా కట్టారా, మన 2,800 వాట్ల గది 1,700 దగ్గర నిలుస్తుంది. అర టన్ను! అప్పుడు 0.8 టన్ను యంత్రం కూడా హాయిగా సరిపోతుంది.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. హైదరాబాదులో భవనాల పైకప్పులకి తెల్లపూత వేసి అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలతో కలిసి చేసిన కొలతలు 2012లో అచ్చయ్యాయి. మామూలు కాంక్రీటు పైకప్పుకి తెల్లపూత వేస్తే ఏడాదికి చదరపు మీటరుకి 13, 14 యూనిట్ల కరెంటు మిగిలింది. ఏసీ ఖర్చులో అది 10 నుంచి 19 శాతం. నల్లటి పైకప్పులైతే మిగులు ఇంకా ఎక్కువ. తెలంగాణ 2023 ఏప్రిల్లో చల్లటి పైకప్పుల విధానం ప్రకటించింది. 2028 కల్లా 300 చదరపు కిలోమీటర్ల పైకప్పుని అలా మార్చాలన్నది దాని లక్ష్యం. దేశంలో అలాంటి విధానం తెచ్చిన మొదటి రాష్ట్రం అదే. కేంద్రం 2018లో ఇళ్ళ కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత అయితే పైకప్పు గుండా డిగ్రీకి, చదరపు మీటరుకి 1.2 వాట్లకి మించి వేడి దిగకూడదంటుంది. మన వట్టి శ్లాబు దానికి రెండున్నర రెట్లు.

మన పెద్దవాళ్ళ మట్టి మిద్దెలు ఈ పరీక్షలో ఎంత బాగా నెగ్గేవో తలచుకుంటే బాధేస్తుంది. దూలాల మీద బండలు, వాటి మీద మందంగా మట్టి, సున్నం. పగటి వేడి లోపలికి దిగేలోపే పొద్దుగుంకేది. శ్లాబు వచ్చాక కప్పు పలచనైంది, కానీ బరువు తక్కువేమీ కాదు. మన పన్నెండు బై పన్నెండు గది మీది అయిదంగుళాల శ్లాబు నాలుగు టన్నుల పైమాటే. అది ఒక్క డిగ్రీ చల్లబడాలంటే దాదాపు ఒక యూనిట్ వేడి బయటికి పోవాలి. టన్ను ఏసీ ఇంకే పనీ చేయకుండా దాని మీదే పడినా పదిహేడు నిమిషాలు. రాత్రి తొమ్మిదింటికి నిచ్చెనెక్కి శ్లాబుకి అరచెయ్యి ఆనించి చూడండి. బయట చల్లగాలి తిరుగుతుంటుంది, చేతికి మాత్రం గోరువెచ్చగా తగుల్తుంది. "ఏసీ వేసి గంటైనా చల్లబడలేదు, చిన్నది కొన్నాం" అనుకునే క్షణం అదే. యంత్రం చిన్నదై కాదు, నాలుగు టన్నుల కాంక్రీటు మధ్యాహ్నమంతా దాచుకున్న వేడిని అప్పుడు వదులుతోంది. పడమటి మండలాల్లో రాత్రులు చల్లబడతాయి కాబట్టి పొద్దుగుంకాక కాసేపు కిటికీలు తెరిచి, ఫ్యానుతో లోపలి వేడిగాలిని తోలేసి, ఆ తర్వాత ఏసీ వేస్తే సగం పని ఊరికే అయిపోతుంది.

ఇక షాపులో చూడాల్సినవి. 'టన్నున్నర' అని పెద్ద అక్షరాలతో రాసిన యంత్రం లెక్క ప్రకారం 5,275 వాట్లు ఇవ్వాలి. బీఈఈ నక్షత్రాల లేబుల్ మీద సన్నగా వాట్లలో సామర్థ్యం రాసి ఉంటుంది. 4,800 అన్నవీ, 5,100 అన్నవీ అదే పేరుతో అమ్ముడవుతుంటాయి. పేరు చూడొద్దు, వాట్లు చూడండి. ఇన్వర్టర్ ఏసీల లేబుల్ మీద సగం సామర్థ్యానికి కూడా అంకె ఉంటుంది. ఇన్వర్టర్ గొప్పతనం వేగం తగ్గించుకోగలగడమే. గదికి 1,500 వాట్లే చాలినప్పుడు ఆగి లేవకుండా, నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. తేమ కూడా బాగా తీస్తుంది. కానీ దానికీ ఒక అడుగు ఉంది. చాలా యంత్రాలు పూర్తి శక్తిలో పావు వంతుకో మూడో వంతుకో దిగాక ఇంక తగ్గలేవు. రెండు టన్నుల ఇన్వర్టర్‌ని 800 వాట్ల గదిలో పెడితే అదీ పాత యంత్రంలాగే ఆగుతూ లేస్తూ ఉంటుంది. 'ఇన్వర్టరే కదా, పెద్దదైనా సర్దుకుంటుంది' అన్న మాట సగమే నిజం.

నక్షత్రాల లెక్క ఏడాదికి 1,600 గంటలు ఏసీ నడుస్తుందన్న అంచనా మీద వేస్తారు. మన దగ్గర మార్చి నుంచి జూన్ తొలి వానల దాకా, రాత్రి ఆరేడు గంటల చొప్పున వేసుకునే ఇంట్లో అది ఏడెనిమిది వందలు కూడా దాటదు. కాబట్టి అయిదు నక్షత్రాల కోసం పెట్టే అదనపు డబ్బు ప్రచారంలో చెప్పినంత తొందరగా తిరిగి రాదు. రాత్రీ పగలూ ఏసీ నడిచే క్లినిక్కుకైతే వస్తుంది. ఇంటికి మూడు నక్షత్రాల యంత్రం తీసుకుని, మిగిలిన డబ్బు మిద్దె మీద పెట్టడం నాకు మెరుగనిపిస్తుంది. 24 డిగ్రీల మీద పెడితే చాలు. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గరే మొదలవ్వాలని కేంద్రం నియమం పెట్టింది. 18కి తిప్పినంత మాత్రాన గది తొందరగా చల్లబడదు, ఆగాల్సిన చోట ఆగదంతే. పైగా మన రాష్ట్రంలో కరెంటు ధర మెట్లు మెట్లుగా ఉంటుంది. 2022 టారిఫ్‌లో నెలకి 225 యూనిట్లు దాటగానే ఆపై యూనిట్ ధర ఆరు రూపాయల నుంచి ఎనిమిదీ ముప్పావుకి ఎగిసింది. ఏసీ కాల్చే యూనిట్లు మామూలు వాడకం మీద చేరేవి కాబట్టి పైమెట్ల మీదే పడతాయి.

బయటి యూనిట్‌కి ఈశాన్యమో ఉత్తరమో చూపించండి. వాస్తు కోసం కాదు, నీడ కోసం. నాలుగు వైపులా గ్రిల్లు వేసి రేకు కప్పి బంధిస్తే అది వదిలిన వేడిగాలినే మళ్ళీ అదే పీల్చుకుంటుంది. మిద్దె మీద నడి ఎండలో పెట్టాల్సి వస్తే పైన చిన్న పందిరి వేసి, పక్కలు తెరిచి ఉంచాలి.

ఇంకొక్కటి మన ఊళ్ళకే ప్రత్యేకం. మదనపల్లె నుంచి కదిరి రోడ్డు వెంట అంగళ్ళు, కురబలకోట దాకా చూసుకుంటూ వెళ్ళండి. ప్రతి రెండో ఇంటి మిద్దె మీద పిల్లర్ల కమ్మీలు ఆకాశంలోకి నిలబడి ఉంటాయి. కొడుక్కి ఉద్యోగం వచ్చాకో, బిడ్డ పెళ్ళయ్యాకో, కాలేజీ పిల్లలకి అద్దెకిద్దామనో పైన ఇంకో అంతస్తు వేసే ఆలోచన అది. ఆ అంతస్తు లేచిన రోజున కిందిగది భారం 2,800 నుంచి దాదాపు 1,600కి దిగిపోతుంది, ఒక్క మేకు కొట్టకుండానే. ఏసీ పదేళ్ళు ఉంటుంది, పై అంతస్తు బహుశా అయిదేళ్ళలో వస్తుంది. అలాంటి ఇంట్లో ఇవాళ టన్నున్నర బిగిస్తే మిగతా అయిదేళ్ళు అది అవసరానికి మూడు రెట్లు పెద్దది. ఈ ఎండాకాలానికి శ్లాబు మీద సున్నం కొట్టి, టన్ను ఇన్వర్టర్ ఒకటి పెట్టుకుంటే, పై అంతస్తు వచ్చాక కూడా అది సగం వేగంతో తిరుగుతూ సరిగ్గా సరిపోతుంది. సున్నం ఖర్చు వృథా కాదా అంటారేమో. పై అంతస్తు శ్లాబు పోసే దాకా వచ్చే ప్రతి వేసవిలోనూ కింద పడుకునేవాళ్ళకి అది నెలనెలా బిల్లులో కనిపిస్తుంది. కొత్త శ్లాబు పోసిన ఏడాది ఆ సున్నపు బకెట్టు ఒక అంతస్తు పైకి మోయించండి.